చిత్రం పేరుకు విదేశీ రక్షణ: చాంబర్ నమోదు చాలదు

ఫిలింనగర్‌లో బొమ్మ హక్కులు అమ్మేటప్పుడు నైజాం, సీడెడ్, ఆంధ్ర, ఓవర్సీస్ అని ఏరియాలవారీగా బేరం జరుగుతుంది. సీడెడ్ కొన్నవారు నైజాంలో బొమ్మ ఆడించజాలరు. ట్రేడ్‌మార్కు హక్కు కూడా అచ్చంగా ఇటువంటిదే. ఏ దేశంలో నమోదయితే ఆ దేశపు ఎల్లల వరకే దానికి చెల్లుబాటు. చిత్రం పేరును టీషర్టులపై, ఆటవస్తువులపై, బియ్యం సంచులపై వేసి దుబాయికో, అమెరికాకో సరుకు పంపదలచిన వర్తకుడు నిర్మాతకు అడ్వాన్సు ముట్టజెప్పిన తర్వాత, అక్కడ ఆ పేరు మరొకరి పేరిట ఉన్నదని తేలితే సరుకు రేవులోనే నిలిచిపోవచ్చు.

జూబిలీ హిల్స్ కార్యాలయాలలో తరచు వినవచ్చే మాట "టైటిల్ చాంబర్‌లో రిజిస్టరు చేయించాం" అని. తెలుగు ఫిలిం చాంబర్ చేసే ఈ నమోదు పరిశ్రమలోనివారు తమలో తాము తగవు పడకుండా పెట్టుకున్న కట్టుబాటు. 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం కింద జరిగే నమోదు వేరు. దానికి రెండు తెలుగు రాష్ట్రాల దరఖాస్తులు చెన్నై రిజిస్ట్రీ పరిధిలోకి వస్తాయి. ఆన్‌లైన్ దరఖాస్తు రుసుము ఒక్కొక్క వర్గానికి రూ. 9,000. వ్యక్తులకు, చిన్న సంస్థలకు రూ. 4,500.

వర్గం అన్నది వర్తకులు ముఖ్యంగా చూసుకోవలసినది. వినోదం 41వ వర్గం, దుస్తులు 25, ఆటవస్తువులు 28, బియ్యం, కారప్పొడి 30, పచ్చళ్లు 29. చిత్రానికని 41లో మాత్రమే నమోదు చేయించిన నిర్మాత వద్ద పచ్చడి సీసాకు లైసెన్సు కొన్నవారి చేతికి గట్టి కాగితం రానట్టే. బాహుబలి పేరు 2017లో నవలకూ, యానిమేషన్ సీరియల్‌కూ ఎక్కింది. ఒక పేరు ఇన్ని సరుకులకు పాకినప్పుడు ఏ వర్గంలో ఏముందో జాబితా అడిగి తీసుకోవడం మంచిది.

ఒక్క చిత్రం పేరుపై హక్కు అంత తేలికగా రాదు. ఒట్టి టైటిల్‌కు కాపీరైటు లేదని సుప్రీంకోర్టు 2015లో స్పష్టం చేసింది. ట్రేడ్‌మార్కు విషయానికి వస్తే రామ్‌గోపాల్ వర్మ చిత్రాల చుట్టూ నడిచిన రెండు కేసులు పాఠ్యపుస్తకం వంటివి. "నిశ్శబ్ద్" పేరు తమదని ఒక బెంగాలీ చిత్ర నిర్మాతలు కోరిన నిషేధాన్ని 2007లో ఢిల్లీ హైకోర్టు నిరాకరించింది. ఆ పేరు వినగానే జనానికి ఆ చిత్రమే స్ఫురిస్తుందని వారు రుజువు చేయలేకపోయారు. అదే కోర్టు 2015లో "షోలే" హక్కుదారుల పక్షాన నిలిచి, వర్మ "ఆగ్" వ్యవహారంలో రూ. 10 లక్షల నష్టపరిహారం విధించింది. 1975 నుంచి జనం నోట నానిన పేరు మరి.

పేరు ఎంత పెద్దదయినా సరిహద్దు దాటితే పరపతి దానంతట అది వెంట రాదు. టొయోటా కంపెనీ ప్రయస్ కారును జపాన్‌లో 1997లోనే విడుదల చేసింది. ఇక్కడ 2001 నుంచి ఆ పేరుతో కారు విడిభాగాలు అమ్ముతున్న భారతీయ సంస్థపై దావా వేసి, 2017 డిసెంబరులో సుప్రీంకోర్టులో ఓడిపోయింది. 2001 నాటికి ఆ పేరుకు భారతదేశపు మార్కెట్లో పరపతి ఉన్నట్లు ఆధారం చూపలేకపోవడమే కారణం. మన చిత్రాలకు ఇదే సంగతి తిరగేసి వర్తిస్తుంది. 2018లో చైనాలో బాహుబలి రెండవ భాగం, 2022 అక్టోబరులో జపాన్‌లో ఆర్ఆర్ఆర్ విడుదలయ్యాయి. ఆ రెండు దేశాలలోనూ ప్రధానంగా ముందు దరఖాస్తు పెట్టినవారిదే పైచేయి. అందుచేత పోస్టరు పడకముందే కాగితం పడాలి.

ఇందుకు దగ్గర దారి మాడ్రిడ్ ఒప్పందం. భారతదేశంలో ఇది 2013 జూలై 8న అమలులోకి వచ్చింది. ఇక్కడి దరఖాస్తునో, నమోదునో ఆధారం చేసుకుని ఒకే ఫారంపై 130కి పైగా దేశాలలో కావలసినవాటిని కోరవచ్చు. ఫారం మన రిజిస్ట్రీ ద్వారానే జెనీవా వెళుతుంది. ఇక్కడి నిర్వహణ రుసుము రూ. 5,000. అక్కడి ప్రాథమిక రుసుము నలుపు తెలుపు గుర్తుకు 653 స్విస్ ఫ్రాంకులు, రంగుల గుర్తుకు 903. దేశాలవారీ రుసుము అదనం. అమెరికా, చైనా, జపాన్ సొంత రేటు వసూలు చేస్తాయి. ఒక్కొక్క దేశం తన చట్టం ప్రకారం పరిశీలించి 12 లేదా 18 నెలలలో అభ్యంతరం చెప్పాలి. అభ్యంతరం వచ్చిన చోట స్థానిక న్యాయవాది ఖర్చు తప్పదు.

ఇక్కడ దరఖాస్తు పెట్టిన ఆరు నెలల లోపు విదేశాలకు కదిలితే, అక్కడ కూడా ఇక్కడి తేదీయే లెక్కకు వస్తుంది. గడువు దాటితే ఆ మేలు పోతుంది.

చాలామంది తప్పటడుగు వేసే చోటు మరొకటి ఉంది. జెనీవాకు పంపే గుర్తు ఇక్కడి గుర్తుకు అచ్చు నకలుగా ఉండాలి. పోస్టరు మీది తెలుగు అక్షరాల లోగోను మాత్రమే చెన్నైలో దాఖలు చేసినవారు విదేశాలకు ఇంగ్లీషు అక్షరాలతో పంపజాలరు. రెండూ ఇక్కడే విడివిడిగా పెట్టుకోవాలి.

మొదటి ఐదేళ్లు అంతర్జాతీయ నమోదు ఇక్కడి మార్కు మీదే ఆధారపడి ఉంటుంది. ఇక్కడ అది కొట్టుడుపోతే అన్ని దేశాలలోనూ పోతుంది. మూడు నెలల లోపు ఆయా దేశాలలో విడి దరఖాస్తులుగా మార్చుకునే వీలున్నా ఖర్చు మళ్లీ మొదటికొస్తుంది. పురాణాల పేర్లపై మక్కువ చూపే మన నిర్మాతలు దీనిని గమనించాలి. అగరుబత్తులకు "రామాయణ్" అన్న మార్కు ఇవ్వరాదని సుప్రీంకోర్టు 2015లో తీర్పిచ్చింది. పవిత్ర గ్రంథం పేరును ఒక్కరు సొంతం చేసుకోలేరన్నది దాని సారాంశం.

గల్ఫ్ దేశాలన్నీ ఒకేసారి ఈ ఒప్పందంలో చేరలేదు. బహ్రెయిన్, ఒమన్ ముందు చేరగా, ఎమిరేట్స్ 2021 డిసెంబరులో, ఖతార్ 2024 ఆగస్టులో వచ్చాయి. జాబితాలో లేని దేశానికి అక్కడి ఏజెంటు ద్వారా నేరుగా దరఖాస్తు పెట్టుకోవాలి. అమెరికాలో నమోదయిన మార్కుకు ఐదవ, ఆరవ సంవత్సరాల మధ్య వాడకం ప్రకటన దాఖలు చేయాలి. ఏ సరుకుకు వాడకం చూపలేదో ఆ సరుకుకు అక్కడ రక్షణ పోతుంది.