ఆదివారపు ఆరాధనయు, మన సణుగుడును

ఆదివారమున ఆరాధన ముగిసి, జనులు దేవాలయపు మెట్లు దిగుచుండగనే మాటలు మొదలగును. ప్రసంగము మిక్కిలి దీర్ఘమైనదని యొకరు, తమకు రాని రాగములలో పాటలు పాడిరని యొకరు, ప్రకటనలకు అంతు లేదని యొకరు, చెప్పిన వేళకు ఆరాధన ఆరంభము కాలేదని యొకరు, పసిబిడ్డల యేడ్పులో ఏమియు వినబడలేదని వేరొకరు పలుకుచుందురు. ఈ మాటలలో న్యాయమెంత, వీనిని మనమేమి చేయవలెను అను సంగతులను ఇచ్చట కొంచెము విచారింతము.

మొదట తెలియవలసిన దేమనగా, లోపమును చెప్పుట తప్పు కాదు. అపొస్తలుల కార్యముల గ్రంథము ఆరవ అధ్యాయమున ఇట్టి సంగతి యొకటి కలదు. యెరూషలేము సంఘములో ప్రతిదినమును జరుగు పంపకమున గ్రీకుభాషవారి విధవలకు సరిగా అందుట లేదని సణుగుడు పుట్టెను. అపొస్తలులు సణిగినవారి నోరు మూయింపలేదు. అందరిని సమకూర్చి, ఆ పనికి ఏడుగురిని ఏర్పరచుకొనుడనిరి. ఆ యేడుగురి పేరులును గ్రీకు పేరులే. అనగా, లోటు కలిగిన పక్షమువారికే పని యొప్పగించిరని తోచుచున్నది. వీథిలో నుండిన సణుగుడు సభలోనికి వచ్చినందున పరిచర్యగా మారెను. మేము చెప్పదలచిన దంతయు ఈ వృత్తాంతములోనే యున్నది.

ఇక ప్రసంగపు నిడివి మాట. ఇది పురాతనమైన ఫిర్యాదు. త్రోయ పట్టణమున పౌలు అర్ధరాత్రివరకు మాటలాడుచుండగా, ఐతుకు అను యౌవనుడు కిటికీలో కూర్చుండి నిద్రపోయి మూడవ అంతస్తునుండి క్రింద పడెను. పౌలు దిగివచ్చి అతనిని కౌగిలించుకొనెనే గాని నిద్రించినందుకు గద్దించినట్లు వ్రాయబడలేదు. పూర్వము ఇంగ్లాండులో అనేక దేవాలయములందు ప్రసంగవేదికయొద్ద ఇసుక గడియారము నుంచెడివారు. అయినను నిడివి యొక్కటే దోషము కాదు. నెహెమ్యా గ్రంథము ఎనిమిదవ అధ్యాయమున ఎజ్రా ఉదయము మొదలు మధ్యాహ్నమువరకు ధర్మశాస్త్రమును చదివెను. జనులు విసుగుకొనక, విని కన్నీరు విడిచిరి. ఏలయనగా, చదివినదాని భావము వారికి తెలియజెప్పువారు అచ్చట నుండిరి. కావున “ప్రసంగము పెద్దది” అను మాటకు అనేక పర్యాయములు “మాకు బోధపడలేదు” అనుటయే అసలు అర్థము. బోధకుడు విన్నచో ఈ రెండవ మాటయే ఆయనకు ఉపకరించును.

భాషను గూర్చిన ఫిర్యాదును దీనికి చేరినదే. తెలియని భాషలో వేవేల మాటలు పలుకుటకంటె ఇతరులకు బోధ కలుగునట్లు అయిదు మాటలు పలుకుట మేలని పౌలు కొరింథీయులకు వ్రాసిన భావము. జర్మనీలో మార్టిన్ లూథరు 1526వ సంవత్సరమున జర్మను భాషలో ఆరాధనక్రమమును ప్రకటించెను. రోమను కతోలిక సంఘము 1963వ సంవత్సరపు ఆరాధన శాసనముద్వారా దేశభాషల వాడుకకు విశాలముగా త్రోవ తెరచెను. ఇట్టి మార్పులకు అర్థముగాని ఆరాధనను గూర్చిన సామాన్యుల బాధ యొక కారణము.

పాటల విషయమున వృద్ధులకును యౌవనులకును పోరు ఎన్నటికిని తెగదు. క్రొత్త పాటలలో వాద్యముల మ్రోతయే గాని మాట వినబడదని పెద్దలందురు. పాత కీర్తనలు సాగదీసి పాడుదురని పిన్నలందురు. ఐతే, నేటి పాతది నాటి క్రొత్తదే గదా! ఇంగ్లాండులో అనేక సంఘములు దావీదు కీర్తనల పద్యానువాదములనే పాడుచుండిన కాలమున, ఐజాక్ వాట్సు 1707వ సంవత్సరమున తన క్రొత్త కీర్తనల సంపుటిని ప్రకటించెను. మన తెలుగుదేశమున పురుషోత్తమ చౌధరి గారు (1803–1890) స్వదేశ రాగతాళములలో కీర్తనలు రచించిరి. నేడు అవి మన తాతల సొత్తుగా ఆంధ్ర క్రైస్తవ కీర్తనల గ్రంథమున నిలిచియున్నవి. చదువురాని యవ్వ కన్నులు మూసికొని పాడగల పాట యొకటియు, బడిపిల్లవాడు ఉత్సాహముతో పాడగల పాట యొకటియు ప్రతి ఆదివారమున నుండిన యెడల సగము పోరు తీరును.

వేళను గూర్చిన ఫిర్యాదులో ఇరుపక్షముల న్యాయమును చూడవలెను. పశువులకు మేత వేసి, నీరు తెచ్చి, బిడ్డలకు స్నానము చేయించి వచ్చు తల్లి ఆలస్యమునకు సోమరితనము కారణము కాదు. పెక్కు గ్రామములను చూడవలసిన పాదిరిగారు ఒక ఊరి ఆరాధన ముగించికొని మరియొక ఊరికి చేరుసరికి ప్రొద్దెక్కును. అయినను వేళకు వచ్చినవారిని గంటసేపు కూర్చుండబెట్టుటయు న్యాయము కాదు. పెద్దలలో నొకరు వేళకే పాటయు ప్రార్థనయు ఆరంభించినయెడల వచ్చినవారి కాలము వ్యర్థము కాదు. బిడ్డల యేడ్పుకొరకు తల్లులను వెలుపలికి పంపుటకంటె, ద్వారముచెంత వారికి చోటు చూపుట మేలు. లౌడుస్పీకరు ఎక్కువ మ్రోగుచున్నయెడల దానిని తగ్గించుటకు సంఘసభ అక్కరలేదు; ఒక చేయి చాలును.

ఈ ఫిర్యాదులన్నిటికంటె భయంకరమైనది ఇంకొకటి కలదు. అది ఫిర్యాదు లేకుండుట. సణుగువాడు వచ్చే ఆదివారము మరల వచ్చును. ఎవరును పలుకరింపనందున, లేక తన వస్త్రములను చూచి వెనుక కూర్చుండుమన్నందున నొచ్చుకొన్నవాడు ఏమియు చెప్పడు; మరల రాడు. ధనికునికి మంచి స్థలమును, దరిద్రునికి పాదపీఠముయొద్ద నేలను చూపు సంఘమును యాకోబు తన పత్రికలో గద్దించెను. ప్రసంగము పది నిమిషములు పెరిగినదని మనము లెక్కించుచుండగా, ఖాళీయైన ఆ చోటును లెక్కించువా రెవరు?

కావున విద్యార్థులారా, మీకు లోపము తోచినప్పుడు మూడు సంగతులు జ్ఞాపకముంచుకొనుడు. మొదటిది, ఆ లోపము మీ సౌఖ్యమునకా, పొరుగువాని ఆరాధనకా అడ్డముగా నున్నదో విచారించుడు. రెండవది, దానిని త్రోవలో గాక, వారపు దినమున పాదిరిగారియొద్దనో సంఘపెద్దలయొద్దనో వినయముతో మనవి చేయుడు. ఆదివారము మధ్యాహ్నమున అలసియున్న బోధకునికి ఆ మాట గాయమగును. మంగళవారమున అదే మాట సలహా యగును. మూడవది, మనవితో కూడ మీ చేతులను తీసికొనిపొండు. పాటలు బాగులేవన్నవాడు పాడువారితో చేరవలెను. వేళ తప్పినదన్నవాడు ముందుగా వచ్చి చాపలు పరువవలెను. ఎవరును పలుకరింపలేదన్నవాడు క్రొత్తగా వచ్చినవానిని తన ప్రక్కన కూర్చుండబెట్టుకొనవలెను. ఇట్లు చేయువాని ఫిర్యాదును ఏ సంఘమును త్రోసివేయజాలదు.