దిద్దుబాటు మానిపిస్తే టీవీయే మానిటర్

డెస్క్‌టాప్ మానిటర్ పాడైనప్పుడో, పిల్లల ఆన్‌లైన్ పాఠాలకు లాప్‌టాప్ తెర చిన్నదనిపించినప్పుడో చాలామంది హాల్లోని టీవీకి హెచ్‌డీఎంఐ కేబుల్ తగిలిస్తారు. బొమ్మ వస్తుంది. కానీ కింద స్టార్ట్ బటన్ సగం తెగిపోయి ఉంటుంది, అక్షరాల చుట్టూ తెల్లటి అంచు కనిపిస్తుంది, మౌస్ కదిపాక కాస్త ఆగితే గానీ బాణం కదలదు. ‘టీవీ టీవీయే, మానిటర్ మానిటరే’ అని కేబుల్ పీకేస్తారు. ఇది తొందరపాటు తీర్పు. చాలా ఇళ్లలో ఈ మూడు ఇబ్బందులూ తెర చేతకానితనం వల్ల వచ్చేవి కావు. ఎవరూ అడగకపోయినా బొమ్మను బాగుచేయాలన్న టీవీ తాపత్రయం వల్ల వచ్చేవి.

పిక్చర్ ట్యూబు రోజుల్లో బొమ్మ అంచులు అన్ని సెట్లలోనూ ఒక్కలా కుదిరేవి కావు. అందుకని బొమ్మను తెరకన్నా కొంచెం పెద్దది చేసి, అంచుల్ని చట్రం వెనక దాచేసేవారు. దీని పేరు ఓవర్‌స్కాన్. సినిమాలో నాలుగు వైపులా రవ్వంత పోయినా ఎవరికీ తెలియదు. ట్యూబులు పోయి పలక తెరలు వచ్చాక ఆ అవసరం తీరిపోయింది, అలవాటు మాత్రం చాలా టీవీల్లో మిగిలిపోయింది. కంప్యూటరేమో స్టార్ట్ బటన్‌నీ గడియారాన్నీ విండో మూసే గుర్తునీ సరిగ్గా ఆ అంచుల్లోనే పెడుతుంది. పైగా బొమ్మను సాగదీస్తే ఒక చుక్క రంగు పక్క చుక్కలోకి చిందుతుంది, అక్షరం మసకబారుతుంది. ఆ మసకను పోగొట్టడానికన్నట్టు షార్ప్‌నెస్ రంగంలోకి దిగి, వెలుగూ చీకటీ కలిసేచోట అదనంగా ఒక గీత గీస్తుంది. ముఖాలకూ చెట్లకూ అది అందమే, అక్షరాలకు మాత్రం అదే ఆ తెల్లటి అంచు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడడమంటే ఇదే. మౌస్ ఆలస్యమూ ఈ కోవలోదే: టీవీ ఒక్కో ఫ్రేమును పట్టి ఉంచి, ముందూ వెనకా పోల్చి, మెరుగులు దిద్ది వదులుతుంది. సినిమాకైతే శబ్దాన్నీ అంతే ఆలస్యం చేసి సరిపెట్టొచ్చు. చేతిలో ఉన్న మౌస్‌ని సరిపెట్టలేం.

తెలుగు చదివేవారికి ఈ మసక మరీ బాధ. ‘ప’కీ ‘ష’కీ, ‘ద’కీ ‘ధ’కీ తేడా ఒక్క చిన్న గీతే. ఆ గీత చెదిరితే మాట మారిపోతుంది, ఒత్తుల సంగతి చెప్పనక్కర్లేదు. రంగు అక్షరాలకు ఇంకో గండం ఉంది. మన కన్ను వెలుగులో తేడాలను పట్టినంత నిశితంగా రంగులో తేడాలను పట్టలేదు కాబట్టి, వీడియోలో రంగు వివరాన్ని తగ్గించి పంపడం ఆనవాయితీ. నీలం మీద ఎర్రక్షరం రాసి చూస్తే ఆ పొదుపు బయటపడుతుంది.

మందు రిమోట్‌లోనే ఉంది. కేబుల్ పెట్టిన ఇన్‌పుట్‌కి ‘పీసీ’ అని పేరు పెడితే చాలు, శామ్‌సంగ్, ఎల్‌జీ వంటి కంపెనీల టీవీలు చాలావరకు ఈ మెరుగులన్నిటినీ పక్కన పెట్టేస్తాయి. లేకపోతే పిక్చర్ సైజులో ‘జస్ట్ స్కాన్’, ‘స్క్రీన్ ఫిట్’ లాంటిది ఎంచుకుని, షార్ప్‌నెస్ బాగా తగ్గించి, మౌస్ ఆలస్యం తగ్గడానికి గేమ్ మోడ్ పెట్టాలి. లాప్‌టాప్‌లో విండోస్ మీటతో ‘పి’ నొక్కితే బొమ్మ రెండు తెరల మీదా రావాలా, ఒక్క టీవీలోనే రావాలా అన్నది తేలిపోతుంది.

టీవీ ఇందుకు పుట్టలేదు కదా అనేవారున్నారు. కానీ 1982లో వచ్చిన జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్, కమొడోర్ 64 అనే కంప్యూటర్లు ఇంటి టీవీనే తెరగా వాడుకున్నాయి. అంచులు తెగుతాయని తెలిసే, బొమ్మ చుట్టూ రంగు పట్టీ వదిలి అసలు పనిని మధ్యలో జరిపేవి. సర్దుకుపోవడం అప్పుడు కంప్యూటర్ వంతు, ఇప్పుడు టీవీ వంతు.

గట్టి అభ్యంతరం వేరే ఉంది: చుక్కల లెక్క. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్‌లో అంగుళానికి సుమారు 92 చుక్కలుంటే, అదే ఫుల్ హెచ్‌డీ 43 అంగుళాల టీవీలో 51కి పడిపోతాయి. దగ్గర కూర్చుంటే గళ్లు కనిపిస్తాయి. నాలుగైదు అడుగులు జరిగి, విండోస్‌లో అక్షరాలను పెద్దవి చేసుకుంటే పాఠాలకూ వీడియో కాల్స్‌కీ లోటుండదు. 43 అంగుళాల 4కె టీవీ అయితే అంగుళానికి 102 చుక్కలతో ఆ మానిటర్‌నే మించుతుంది. అయితే పాత లాప్‌టాప్ హెచ్‌డీఎంఐ 1.4 రకమైతే 4కెలో సెకనుకు 30 ఫ్రేములే పంపగలదు, బాణం కుంటుతుంది. అప్పుడు ఫుల్ హెచ్‌డీకి దిగడమే మేలు. నిజంగా చేతులెత్తేయాల్సింది హెచ్‌డీ రెడీ టీవీల దగ్గర. వాటి తెర సాధారణంగా 1366×768, హెచ్‌డీఎంఐలో తీసుకునేది ఎక్కువగా 720 లేదా 1080 గీతల బొమ్మ. కొలత కుదరక, ఏ సెట్టింగ్ మార్చినా మసక పూర్తిగా పోదు.

రోజంతా టైపింగూ లెక్కల పట్టికలే పనైనవారు, హెచ్‌డీ రెడీ టీవీ ఉన్నవారు మానిటర్ కొనుక్కోవడమే మంచిది. ఓఎల్ఈడీ టీవీ ఉన్నవారు కదలని టాస్క్‌బార్‌ను గంటల తరబడి తెరమీద ఉంచకూడదు, మచ్చ పడే ప్రమాదం ఉంది. మిగతావారు దుకాణానికి బయల్దేరే ముందు టీవీ మెనూలో ఓ పది నిమిషాలు గడపండి.