లెక్కకు అందని ఫోను పిలుపులు

అమెరికాలో ఏదో ఒక చిన్న ఊరు. పదకొండో తరగతి చదివే కుర్రవాడు బాస్కెట్‌బాల్ సాధన ముగించుకుని ఇల్లు చేరతాడు. భోజనానికి కూర్చోగానే టెలిఫోను మోగుతుంది. అవతల మాట్లాడేది బంధువు కాదు, స్నేహితుడూ కాదు; వందల మైళ్ళ దూరాన ఉన్న ఒక విశ్వవిద్యాలయపు కోచ్. ఆయన ఫోను పెట్టేసేసరికి మరో కోచ్. చదువుకొనే వేళకు ఇంకొకరు.

ఈ పిలుపులు ఎన్ని ఉండవచ్చు? ఏ వయసు నుంచి మొదలు కావచ్చు? అమెరికన్ కళాశాలల క్రీడారంగం ఏళ్ళ తరబడి ఈ రెండు ప్రశ్నలతో కుస్తీ పడుతూ వచ్చింది. మొదటి ప్రశ్న దగ్గర అది క్రమంగా చేతులెత్తేసింది. రెండో దానిపై మాత్రం పట్టు బిగించింది.

ఇంత ఆరాటం దేనికని మనకు తోచవచ్చు. అక్కడ మంచి ఆటగాడికి విశ్వవిద్యాలయమే జీతం కట్టి, బస, భోజనం సమకూర్చి చదివిస్తుంది. మొదటి శ్రేణిలో బాస్కెట్‌బాల్ ఆడే విశ్వవిద్యాలయాలు మూడు వందల యాభైకి పైగా ఉన్నాయి. పురుషుల జట్టు ఒక్కొక్కటి ఇవ్వగలిగిన స్కాలర్‌షిప్పులు 2025 వరకు 13 మాత్రమే. కుర్రవాడి తల్లిదండ్రులకు అది చదువుల ద్వారం. కోచ్‌కు అది ఉద్యోగం నిలబెట్టే విజయం.

ఈ పోటీకి కట్టుబాట్లు విధించే సంస్థ 1906లో పుట్టిన ఎన్.సి.ఏ.ఏ. కోచ్ విద్యార్థికి నెలకు, వారానికి ఇన్నిసార్లే ఫోను చేయాలని అది లెక్క కట్టింది. ఇంతలో సెల్‌ఫోన్లు వచ్చాయి, ఎస్.ఎం.ఎస్.లు ఆ లెక్కను దాటిపోయాయి. తరగతి గదిలోనూ, అర్ధరాత్రి వేళా సందేశాలే. పైగా ఆ రోజుల్లో సందేశం అందుకున్నవాడూ రుసుము చెల్లించుకోవలసి వచ్చేది. క్రీడాకారులైన విద్యార్థులే మొర పెట్టుకోగా, 2007 ఆగస్టులో కోచ్‌లు ఎస్.ఎం.ఎస్.లు పంపడాన్ని నిషేధించారు.

ఈ-మెయిలుకు మాత్రం అనుమతి ఉండిపోయింది. త్వరలోనే ఈ-మెయిలు కూడా ఆ సెల్‌ఫోనులోనే కనబడసాగింది. ఒకే వాక్యం ఈ-మెయిలుగా వస్తే ధర్మం, ఎస్.ఎం.ఎస్.గా వస్తే నేరం!

ఆ నేరానికి శిక్షలు మాత్రం నిజమైనవే. ఓక్లహోమా విశ్వవిద్యాలయపు బాస్కెట్‌బాల్ కోచ్ కెల్విన్ శాంప్సన్, ఆయన సహాయకులు 2000 నుంచి 2004 వరకు 577 ఫోన్లు నిబంధనలకు విరుద్ధంగా చేశారని 2006లో తేల్చారు. ఆయన ఇండియానా విశ్వవిద్యాలయానికి మారిన తరువాత కూడా ఫోన్ల వివాదం వెన్నాడింది. 2008లో ఆ కొలువు వదులుకున్నారు. ఐదేళ్ళపాటు కళాశాల జట్ల తలుపులు ఆయనకు దాదాపు మూతపడ్డాయి.

ఆ ఐదేళ్ళు పూర్తి కాకముందే నియమమే మారిపోయింది. 2012 జూన్ 15 నుంచి పురుషుల బాస్కెట్‌బాల్ కోచ్‌లు, పదో తరగతి ముగించిన విద్యార్థులకు ఎన్ని ఫోన్లయినా చేయవచ్చు, ఎన్ని సందేశాలయినా పంపవచ్చు. శాంప్సన్ 2014లో హ్యూస్టన్ విశ్వవిద్యాలయం ద్వారా తిరిగివచ్చి, 2025లో తన జట్టును జాతీయ ఫైనల్ వరకు నడిపించారు.

ఈ సడలింపునకు కారణం ఉదారత ఒక్కటే కాదు. ప్రతి పిలుపునూ లెక్కించడం కాపలాదారులకే తలనొప్పి అయింది. కోచ్ నోరు కట్టేస్తే, ఆ ఖాళీలోకి మధ్యవర్తులు చొరబడ్డారు. దానికంటె కోచ్ నేరుగా మాట్లాడడమే మేలని పెద్దలు భావించారు. అయినా అందరూ సంతోషించలేదు. 2013లో ఇదే స్వేచ్ఛను తక్కిన క్రీడలకూ విస్తరించబోగా, ధనిక విశ్వవిద్యాలయాలు ఇందుకోసమే సిబ్బందిని పెట్టుకుని పోటీని తన్నుకుపోతాయని అభ్యంతరాలు వచ్చాయి. ఆ ప్రయత్నం ఆగింది. 2016లో గాని ఫుట్‌బాల్ కోచ్‌లకు సందేశాల స్వేచ్ఛ దక్కలేదు.

ఈలోగా మరో ప్రమాదం ముదిరింది. వలకట్టిన కర్రతో బంతిని పట్టి విసిరే లక్రాస్ ఆటలో, తొమ్మిదో తరగతి దాటని పిల్లలు సైతం ఫలానా విశ్వవిద్యాలయంలో చేరతామని నోటిమాట ఇచ్చేవారు. ఆ మాట ఉభయులలో ఎవరినీ కట్టి ఉంచదు. కోచ్ పిల్లవాడికి ఫోను చేయరాదన్నారే గాని, పిల్లవాడు కోచ్‌కు చేయరాదని అనలేదు. అందుచేత ఫలానా గంటకు ఫోను చేయమని ఎవరిచేతనో కబురు పంపితే సరిపోయేది!

2017లో లక్రాస్‌లో ఈ కంత పూడ్చారు: పదకొండో తరగతి సెప్టెంబరు 1 వరకు, పిల్లవాడే ఫోను చేసినా కోచ్ మాట్లాడరాదు. 2019లో ఇంకా అనేక క్రీడలలో పదో తరగతి ముగిసిన తరువాత వచ్చే జూన్ 15ను హద్దుగా నిర్ణయించారు.

ఎన్ని పిలుపులన్నది యంత్రాలు మారినకొద్దీ మారే లెక్క. పదహారేళ్ళవాడు విసుగు పుట్టినప్పుడు ఫోను కట్టివేయగలడు. నచ్చని కోచ్‌కు వద్దని చెప్పనూ గలడు. పదమూడేళ్ళ పిల్లకు పేరున్న కోచ్ స్వయంగా మాట్లాడడమే మహద్భాగ్యంగా తోస్తుంది. కాదనే ధైర్యం ఎక్కడినుంచి వస్తుంది? గంట ఎన్నిసార్లు మోగిందన్నది కాదు, దానికి బదులు పలికేది ఎవరన్నదే కాపాడవలసిన సంగతి.