ముప్పది దాటిన ముఖమున మొటిమ

ఇటు బొల్లారము, అటు పాశమైలారము, నడుమ పటాన్‌చెరువుగా అల్లుకొన్న పారిశ్రామిక వలయమున, 2017లో వైద్య పరికరముల పార్కునకు శంకుస్థాపన జరిగినది మొదలు సుల్తాన్‌పూరు పేరు దూరదేశములకును చేరినది. గుండె రక్తనాళములలో అమర్చు స్టెంట్ల వంటి పరికరములకు ధూళికణమైనను చొరరాని గదులు కావలెను గనుక, అట్టి గదులలో పనిచేయువారు షిఫ్టు ముగియువరకు తలకు టోపీ, ముఖమునకు మాస్కు ధరించి యుండక తప్పదు. ఆ మాస్కు క్రింద చెమటయు రాపిడియు కలిసినచోట మొటిమలు లేచుట సహజము. అయినను ముప్పదేండ్లు దాటినవారి ముఖమున వానిని చూచి, ఈ వయసులో ఇదేమి సోకని పరిహసించువారే గాని, నీవు చేయు పని యేమని అడుగువారు అరుదు. ఆ ప్రశ్నయే మొదట అడుగవలసినదని నా దృఢవిశ్వాసము.

రోమకూపమునంటి యున్న తైలగ్రంథి ఆండ్రోజెన్ హార్మోనుల ప్రేరణచే అధికముగా స్రవించుట, మృతకణములు రాలక కూపద్వారమును మూయుట, అందు నివసించు క్యూటీబ్యాక్టీరియమ్ ఆక్నెస్ అను సూక్ష్మజీవి వృద్ధి చెందుట, దానికి శరీరము వాపుతో ఎదురు తిరుగుట, ఈ నాలుగును కలిసిననే మొటిమ. స్త్రీలలో ఇది తరచు దవడ వెంబడి, నెలసరికి ముందు హెచ్చగును. నెలసరి క్రమము తప్పి, ముఖమున రోమములు పెరుగుచున్నచో పీసీఓఎస్ పరీక్ష చేయించుకొనవలెను.

అయితే లేత్ యంత్రము ముందు నిలుచు కార్మికుని కథ వేరు. కటింగ్ ఆయిలు తుంపరలు ముంజేతులపై పడి, నూనె నానిన ప్యాంటు తొడలకు రాచుకొని, ముఖమున గాక ఆ చోట్లనే నల్లని మొనలతో పొక్కులు లేచును. మన దేశపు 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము ఖనిజతైలముల వలన కలుగు ఈ మొటిమను తన మూడవ షెడ్యూలునందలి వ్యాధులలో పేర్కొని, అది సోకినచో యాజమాన్యమును, చికిత్స చేసిన వైద్యుడును ప్రభుత్వమునకు తెలుపవలెనని 89వ సెక్షనులో విధించి యుండెను. సీసపు విషముతో, సిలికోసిస్‌తో సమానముగా ఒకే పట్టికలో చోటు పొందిన ఈ బాధను, సోకు అని తోసివేయుట ఎంత అన్యాయము! క్లోరిన్ కూడిన కొన్ని రసాయనములు కలిగించు క్లోరాక్నే మరింత మొండిది. 1899లో జర్మనీ వైద్యుడు హెర్క్స్‌హైమర్ దానిని వర్ణించెను. 1976లో ఇటలీలోని సెవెసోలో అట్టి రసాయనమైన డయాక్సిన్ వెలువడినపుడు పసిపిల్లల చెక్కిళ్లపైనను అది కనబడెను. చెంప ఎముకలపైనను చెవుల వెనుకను గుంపుగా లేచిన పొక్కులను రసాయన కర్మాగారపు కార్మికులు ఉపేక్షింపరాదు.

ఇక నాకు మిక్కిలి ఆవేదన కలిగించునది మెడికల్ షాపులో చీటీ లేకయే చేతికి వచ్చు స్టెరాయిడ్ క్రీము. రెండు మూడు దినములలో ఎరుపు తగ్గి, రంగు తేలినట్లు తోచును. వాడగా వాడగా చర్మము పలుచనై, సన్నని రక్తనాళములు బయటపడి, మానినంతనే మొటిమలు రెట్టించి విరుచుకుపడును. 2018లో ప్రభుత్వము ఇట్టి పలు క్రీములను చీటీ లేనిదే అమ్మరాదని నిబంధన చేసినను, ఇరుగుపొరుగు మాట మీద ట్యూబు కొనుట ఆగలేదు.

నిజమైన చికిత్సకు ఓర్పు కావలెను. రాత్రివేళ బఠాణీగింజంత అడాపలీన్‌ను ముఖమంతట పలుచగా పూయుట, బెంజాయిల్ పెరాక్సైడ్‌ను తక్కువ గాఢతతో మొదలిడుట సామాన్య మార్గము. ఫలము కనబడుటకు 8 నుండి 12 వారములు పట్టును. మన మేనిచాయలో మొటిమ మానినను మచ్చ నెలలకొలది నిలుచును గనుక, గిల్లరాదు, ఎండలో సన్‌స్క్రీన్ మరువరాదు. యాంటీబయాటిక్ ఒక్కదానినే నమ్ముకొన్నచో సూక్ష్మజీవి దానిని జయించును. తీవ్రమైన మొటిమలకు ఐసోట్రెటినోయిన్ గొప్ప ఔషధమే గాని, గర్భస్థ శిశువునకు ఘోరహాని చేయునది. గర్భవతులు, గర్భము కోరువారు దానిని తాకరాదు, వారికి అజెలాయిక్ ఆమ్లము వంటివి కలవు.

నూనె పనివారు షిఫ్టు దిగగానే కిరోసిన్‌తో గాక మృదువైన సబ్బుతో కడుగుకొని, నానిన బట్టలు నాడే మార్చవలెను. వైద్యుని కడకు పోవునపుడు ఇంటనున్న ట్యూబులన్నియు, మింగుచున్న మాత్రలన్నియు వెంట కొనిపోవలెను. క్షయకు వాడు ఐసోనియాజిడ్ సయితము మొటిమలు లేపగలదు. వైద్యుడు అడుగకున్నను, తన చేతులను తడుపు నూనె యేదో, తాను పీల్చు ఆవిరి యేదో రోగియే చెప్పవలెను.