నేలమాళిగలో కార్యాలయం

గత శీతాకాలంలో మేము మా చెల్లెలి కుమారుని ఆహ్వానంపై చికాగో శివారులోని అతని ఇంట నెల రోజులు గడిపాము. 2020లో కార్యాలయాలు మూతపడినప్పుడు అతడు తన పనిని ఇంటి నేలమాళిగలోకి మార్చుకున్నాడు. ఆ ప్రాంతంలో చలికి భూమి సుమారు మూడున్నర అడుగుల లోతు వరకు గడ్డకట్టగలదు. అందువల్ల పునాదులు అంతకన్నా లోతుకు వేస్తారు. తవ్విన ఆ చోటునే గదిగా మలచుకుంటారు. దానినే ‘బేస్‌మెంట్’ అంటారు.

పైన పిల్లల సందడి, కింద నిశ్శబ్దం. పని చేసుకునేవారికి ఇంతకన్నా అనువైన చోటు ఏముంటుందని మేమూ మెచ్చుకున్నాము. కోడలు మాత్రం, “మామూజాన్, ఆయన కిందికి దిగితే మళ్లీ రాత్రి భోజనానికే కనబడతారు. రోజూ తలనొప్పి అంటారు” అని వాపోయింది. సహనం వహించమని ఆమెకు హితవు చెప్పాము. అది తొందరపాటని తర్వాత తెలిసింది.

మూడు రోజులు అక్కడ కూర్చుని చదువుకోబోతే ముక్కుకు చెమ్మ వాసన తగిలింది. మసీదులో పరిచయమైన ఒక ఇంజినీరు వచ్చి చూశారు. గోడకు ప్లాస్టిక్ కాగితాన్ని అంచులన్నీ మూసి రెండు రోజులు అతికించమన్నారు. దాని లోపలి వైపు తడి చేరితే నీరు గోడ గుండా వస్తున్నట్లు, బయటి వైపు చేరితే గది గాలిలోనే తేమ ఉన్నట్లు. మాకు బయటి వైపే చేరింది. తేమను పీల్చే యంత్రంతో ఆ సమస్య తీరింది.

ఆయన చెప్పిన మరో ముప్పు రేడాన్. మట్టిలోని యురేనియం నుండి పుట్టే ఈ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. నేల పగుళ్ల గుండా ఇంట్లోకి చేరుతుంది. అమెరికాలో ఊపిరితిత్తుల క్యాన్సరుకు పొగతాగడం తర్వాత ఇదే ప్రధాన కారణమని అక్కడి పర్యావరణ పరిరక్షణ సంస్థ చెబుతోంది. లీటరు గాలికి 4 పికోక్యూరీలు, అంతకు మించి ఉంటే సరిచేయించాలన్నది దాని సూచన. కిటికీలు మూసి పరీక్షిస్తే ఫలితం 4కు మించి వచ్చింది. అబ్బాయి ముఖం పాలిపోయింది. నేల కాంక్రీటు దిగువ గాలిని గొట్టం, ఫ్యాను సాయంతో ఇంటి కప్పు పైకి పంపే ఏర్పాటు చేయించాడు. ఆ తర్వాత పరీక్షలో అది 4కు బాగా దిగువకు వచ్చింది.

అయినా కోడలి మాటలో సగమే తీరింది. డిసెంబరులో అక్కడ సాయంత్రం నాలుగున్నర లోపే సూర్యుడు అస్తమిస్తాడు. జొహర్, అస్ర్, మగ్రిబ్ మూడూ పని వేళల్లోనే వచ్చి వెళతాయి. వెలుగు సోకని గదిలో ఉన్నవాడికి పొద్దు ఎలా తెలుస్తుంది? ఇప్పుడతడు ప్రతి నమాజుకూ పైకి వస్తున్నాడు. పిల్లలతో కలిసి నిలబడుతున్నాడు. యజమాని సమయం అమానతు కనుక, ఆ విరామాన్ని పని ముగించే వేళకు కలుపుకుంటున్నాడు.

మన నగరాల్లోనూ సెల్లార్లలో పని గదులు వెలుస్తున్నాయి. 2020 అక్టోబరు వానలకు హైదరాబాదులో అనేక సెల్లార్లు నీట మునిగిన సంగతి మరువరాదు. గది ఏర్పరచుకునే ముందు నీటి దారి, గాలి, వెలుతురు, ఆపదలో బయటపడే మార్గం చూసుకోవాలి. ఇంటివారి మాట అంతకన్నా ముందు వినాలి. బయలుదేరే రోజు మేము కోడలిని క్షమాపణ కోరాము.