టీకా పడినదా?

బిడ్డకు టీకాలన్నియు పడినవనుటకు సాక్ష్యములు మూడు: తల్లి దాచిన కార్డు, ఉపకేంద్రపు రిజిస్టరు, తల్లి జ్ఞాపకము. ఈ మూడును ఒక్కమాట పలుకకపోవుట కద్దు. పేరు పెట్టకమునుపే వ్రాసిన కార్డులో ‘పాప’ యని యుండును. కరీంనగరు ఇటుకబట్టీలకు వలసవచ్చిన బిడ్డ పేరు స్వగ్రామపు పుస్తకములోనే నిలిచిపోవును.

టీకాలు తప్పిన పిల్లలకై 2014 డిసెంబరు 25న ‘మిషన్ ఇంద్రధనుష్’ ప్రారంభమైనది. తొలివిడత 201 జిల్లాలలో నాటి ఆదిలాబాదు జిల్లా యొకటి. ఇట్టి ఉద్యమము ఫలించినదా యని తేల్చుటకు వేసిన సూదుల సంఖ్య చాలదు. మునుపు తప్పిపోయినవారెందరు దొరికిరన్నదే అసలు లెక్క. 2017 ఆగస్టులో తట్టు-రుబెల్లా టీకాను, పాత లెక్కలతో పనిలేక, 9 నెలలు నిండి 15 ఏండ్లలోపున్న వారందరికిని వేయ నిశ్చయించిరి. మన బడులే అందుకు వేదికలైనవి. కాని యేటేట అట్లు చేయుట సాధ్యము కాదు.

తట్టు ఆగవలెనన్న నూటికి 95 మందికి రక్షణ యుండవలెను. జిల్లా లెక్క అంత చూపినను, తక్కినవారు ఒకటిరెండు గూడెములలోనే యున్నచో వ్యాధికి ఆ గూడెములు చాలును. కావున బడిలో చేర్చుకొనునపుడు ఉపాధ్యాయుడు కార్డు చూచి, ఖాళీగళ్ళను ఆరోగ్యకార్యకర్తకు తెలుపవలెను. అయిదారేండ్లకు వేయవలసిన డి.పి.టి. బూస్టరుకును అదే అదను. వేయని టీకాను వేసినట్లు వ్రాసినచో, ఆ బిడ్డను మరల వెదకువారుండరు.