గద్ద వాలే చోటు: విద్యుత్ స్తంభాల నిర్మాణం - వేటపక్షుల రక్షణ

1. సమస్య స్వరూపం

విద్యుత్ తీగపై చిన్న పక్షులు నిశ్చింతగా కూర్చోవడం నిత్యం కనిపించే దృశ్యమే. ఒకే తీగను తాకినంతవరకు పక్షి దేహం గుండా ప్రమాదకర స్థాయిలో విద్యుత్తు ప్రవహించదు. రెండు తీగలను గానీ, ఒక తీగతో పాటు భూమితో సంబంధమున్న లోహభాగాన్ని గానీ ఏకకాలంలో తాకినప్పుడే మరణం సంభవిస్తుంది. చిన్న పక్షికి సాధారణంగా అందని ఆ దూరం, రెండు మీటర్ల వరకు రెక్కలు చాచగల పెద్ద గద్దకు అందుతుంది. చెట్లు లేని మైదానాల్లో ఎర కోసం పొంచి చూడటానికి అనువైన ఎత్తు విద్యుత్ స్తంభమే కావడంతో వేటపక్షులు దానినే ఆశ్రయిస్తాయి. గోల్డెన్ ఈగిల్ వంటి గద్ద ప్రౌఢదశకు చేరడానికి సుమారు ఐదేళ్లు పడుతుంది. ఒక ఈతకు పెట్టేవి సాధారణంగా ఒకటి నుండి మూడు గుడ్లే. కనుక ప్రతి మరణమూ ఆ జాతికి తీరని లోటే.

2. ఐడహో ప్రయోగం

1970ల్లో అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో డేగల శిక్షకుడు మోర్లీ నెల్సన్, విద్యుత్ సంస్థ ఇంజనీర్లతో కలిసి ఈ సమస్యను పరిశీలించాడు. విద్యుత్ ప్రవాహం లేని నమూనా స్తంభాలపై శిక్షణ పొందిన గద్దలను వాలనిచ్చి, వాటి కదలికలను చిత్రీకరించారు. పొడి ఈకల గుండా విద్యుత్తు అంతగా ప్రవహించదు; రెక్క మణికట్టు వద్ద ఉండే చర్మమాంసాల గుండా ప్రవహిస్తుంది. అందువల్ల రెక్కల కొసల మధ్య దూరం కాక, రెండు మణికట్ల మధ్య దూరమే కొలమానమైంది. దాని ఆధారంగా తీగల మధ్య 60 అంగుళాల, అనగా సుమారు 152 సెంటీమీటర్ల ఎడం ఉండాలన్న నియమం 1975 నాటి మార్గదర్శకాలలో చోటు చేసుకుంది. అడ్డపట్టీని పొడిగించడం, దానిని కిందికి దించడం, మధ్య తీగను స్తంభం కొసకు ఎత్తడం ఈ ఎడాన్ని సాధించే మార్గాలు. ఈకలు తడిసినప్పుడు మాత్రం ముప్పు పెరుగుతుంది.

3. తెలుగు నేలకు అన్వయం

పై నియమం ప్రధానంగా చెక్క స్తంభాలను, చెక్క అడ్డపట్టీలను దృష్టిలో ఉంచుకొని ఏర్పడింది. తెలుగు రాష్ట్రాల గ్రామాల్లోని 11 కె.వి. లైన్లలో సిమెంటు స్తంభాలు, ఇనుప అడ్డపట్టీలు విస్తారంగా కనిపిస్తాయి. ఇనుప పట్టీపై వాలిన పక్షికి రెండో తీగతో నిమిత్తం లేదు. ఇన్సులేటర్ ఎత్తులోనే ఉన్న ఒక్క తీగ తగిలినా చాలు. కాబట్టి తీగల మధ్య ఎడం పెంచినంత మాత్రాన ఇక్కడ రక్షణ లభించదు. ఇన్సులేటర్‌కు ఇరువైపులా తీగకు తొడుగు వేయడం, లేదా తీగను అడ్డపట్టీకి పైన నిలపక కిందికి వేలాడదీయడం సముచితం.

4. ముగింపు

పక్షి ప్రాణం తీసిన షార్ట్ సర్క్యూటే తరచుగా సరఫరాకూ అంతరాయం కలిగిస్తుంది. కనుక పక్షిరక్షణను స్తంభ నిర్మాణ ప్రణాళిక దశలోనే చేర్చడం ఉభయతారకం. అయితే అన్యదేశ ప్రమాణాన్ని యథాతథంగా స్వీకరించక, స్థానిక స్తంభ నిర్మాణాన్ని బట్టి సవరించుకోవడం అవసరం.